కరువు కాలంలో వినోద జలవినియోగం, సాగునీటి అవసరాలు

కరువు వచ్చినప్పుడు మిగిలిన నీటిని ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అన్న నిర్ణయంలో తలెత్తే పోటీల్లో వినోద వినియోగానికీ పంటల సాగుకూ మధ్య పోటీ ఒకటి. ఈత కొలనులు, వాటర్ పార్కులు, గోల్ఫ్ కోర్సులు, క్రికెట్ మైదానాలు, జలాశయాల్లో పడవ విహారం ఒక వైపు. నారుమళ్లు, చేలో నిలిచిన పైరు, పండ్ల తోటలు, పశుగ్రాసం మరో వైపు ఉంటాయి. మొత్తంమీద చూస్తే వినోదానికి ఖర్చయ్యే నీరు సాగునీటితో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఈ పోటీ పలు దేశాల్లో కోర్టుల దాకా, ఆందోళనల దాకా వెళ్లింది. నీరు ఎంత అన్నదానికంటే ఏ ఊళ్లోది, ఏ నెలలో, ఎంత శుభ్రమైనది, ఎవరి వాటాలోంచి తీసినది అన్నవి ఈ వివాదాల్లో ఎక్కువగా నిర్ణాయకమవుతాయి.

నిర్వచనం, పరిధి

ఆట, విశ్రాంతి, విహారం కోసం నీటిని వాడడాన్ని వినోద జలవినియోగం అంటారు. ఇది రెండు విధాలు. నీరు ఆవిరై గానీ, నేలలో ఇంకి గానీ, మురుగై గానీ తిరిగి అదే వనరులోకి చేరకపోతే అది వ్యయ వినియోగం. పచ్చిక తడపడం, కొలను నింపడం ఈ కోవలోవి. నీటిని ఉన్నచోటే ఉంచి వాడుకుంటే అది వ్యయరహిత వినియోగం. పడవ విహారం, గాలంతో చేపలు పట్టడం, చెరువులో ఈత, వేసవిలో పల్లె పిల్లలు వ్యవసాయ బావుల్లో కొట్టే ఈత ఇలాంటివి. వీటికి నీరు ఖర్చు కాదు గానీ ఒక కనీస మట్టమో, కనీస ప్రవాహమో ఉండాలి.

పుష్కర స్నానాలు, కుంభమేళా స్నానాలు మతాచారాలు కనుక వినోదం కిందికి రావు. కాని కరువు ఏడాదిలో వాటి కోసం జలాశయాల నుంచి నీరు వదిలినప్పుడు ఇదే తరహా ప్రశ్నలు వస్తాయి. 2015 నాసిక్ కుంభమేళా సమయంలో గోదావరిలోకి నీరు వదలడంపై బొంబాయి హైకోర్టులో విచారణ జరిగింది.

సాగునీటి అవసరం అంటే పంటకాలంలో వాన తీర్చలేని లోటును కాలువ, చెరువు, బావి నీటితో భర్తీ చేయడం. ప్రపంచంలో మనుషులు నదులు, చెరువులు, భూగర్భం నుంచి తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతుంది. భారతదేశంలో ఇది 80 శాతానికి పైనే.

కరువును సాధారణంగా మూడు రకాలుగా చూస్తారు. వాన తగ్గితే వాతావరణ కరువు, నదులూ జలాశయాలూ భూగర్భజలమూ అడుగంటితే జలసంబంధ కరువు, నేలలో తేమ చాలక పైరు దెబ్బతింటే వ్యవసాయ కరువు. భారతదేశంలో వర్షపాతం సాధారణం కంటే 26 నుంచి 50 శాతం తగ్గితే ఒక మోస్తరు కరువుగా, 50 శాతానికి మించి తగ్గితే తీవ్ర కరువుగా లెక్కిస్తారు. వినోద వినియోగంతో పోటీ ఎక్కువగా జలసంబంధ కరువు దశలో బయటపడుతుంది.

పరిమాణాల లెక్క

తెలుగు ప్రాంతంలో జలాశయాల నీటిని టీఎంసీల్లో, కాలువల ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో కొలుస్తారు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,831 కోట్ల లీటర్లు. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు ఒక క్యూసెక్కు.

వరికి పంటకాలం మొత్తంలో 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరానికి దాదాపు 48.5 లక్షల లీటర్లు అవుతాయి. ఇందులో కొంత వాన నుంచి వస్తుంది. వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు ఇందులో సుమారు సగం చాలు. చెరకు ఏడాది పొడవునా చేలో ఉంటుంది కనుక వరి కంటే ఎక్కువ తాగుతుంది.

50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న పోటీస్థాయి ఈత కొలనులో 25 లక్షల లీటర్లు పడతాయి. ఇది అర ఎకరం వరికి కావలసిన నీటికి దగ్గరగా ఉంటుంది. నీటిని వడపోసి మళ్లీ వాడతారు కనుక ఒకసారి నింపాక ప్రధాన ఖర్చు ఆవిరి రూపంలోనే. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే అలాంటి కొలను రోజుకు 10 వేల లీటర్లు కోల్పోతుంది. గోల్ఫ్ కోర్సు లెక్క వేరు. 80 ఎకరాల పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇస్తే 16 లక్షల లీటర్లు కావాలి. ఈ తడి పంటకాలానికి పరిమితం కాదు; ఎండలు ముదిరిన కొద్దీ పెరుగుతుంది.

చారిత్రక నేపథ్యం

సాగుకూ తాగుకూ కట్టిన జలాశయాలే తరవాతి కాలంలో విహార స్థలాలుగా మారడం ఈ చరిత్రలో ప్రధానమైన మార్పు. హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో నగర నీటి అవసరాల కోసం తయారైంది. నగరం పెరిగి, కాలువల్లోకి మురుగు చేరాక తాగునీటి వనరుగా దాని పాత్ర ముగిసింది. 1992లో మధ్యలో బుద్ధ విగ్రహాన్ని నిలిపాక అది పడవ విహారానికీ పర్యాటకానికీ ముఖ్యస్థలమైంది.

మైసూరు దగ్గర కావేరిపై కృష్ణరాజసాగర్ ఆనకట్ట దిగువన 1932 నాటికి బృందావన్ ఉద్యానం సిద్ధమైంది. సాగునీటి ప్రాజెక్టుకు ఉద్యానాన్ని, ఫౌంటెన్లను జతచేయడంలో తరవాతి ప్రాజెక్టులకు అది నమూనాగా నిలిచింది.

అమెరికాలో కొలరాడో నదిపై హూవర్ ఆనకట్ట వెనక ఏర్పడిన మీడ్ జలాశయం పరిసరాలను 1936లోనే విహార ప్రాంతంగా నిర్వహించడం మొదలుపెట్టారు. 1964లో దానికి జాతీయ వినోద ప్రాంతంగా చట్టబద్ధ హోదా వచ్చింది. 1965లో చేసిన సమాఖ్య చట్టం, ప్రభుత్వ జల ప్రాజెక్టులను రూపొందించేటప్పుడు వినోదాన్నీ ఒక ప్రయోజనంగా పరిగణించాలని చెప్పింది. వినోదం అప్పటివరకు ఆనకట్టకు అనుబంధ లాభం. ఆ చట్టంతో నీటి లెక్కల్లో అదీ ఒక హక్కుదారు స్థాయికి దగ్గరైంది.

వినోద వినియోగ రకాలు

ఈత కొలనులు, వాటర్ పార్కులు: తాగునీటి స్థాయి నాణ్యత కావాలి. అందువల్ల వీటి పోటీ నేరుగా పొలంతో కంటే ఊరి నల్లాతో ఎక్కువ. బోర్ల నీటితో నడిచే చోట చుట్టుపక్కల వ్యవసాయ బోర్ల మీద ప్రభావం పడవచ్చు.

పచ్చిక మైదానాలు: గోల్ఫ్, క్రికెట్, ఫుట్‌బాల్, గుర్రప్పందేల మైదానాలు ఇందులోకి వస్తాయి. పంటలాగే ఇవీ నేల నుంచి నీరు తాగుతాయి. శుద్ధి చేసిన మురుగునీరు వీటికి సరిపోతుంది.

జలాశయ విహారం: లాంచీలు, పడవలు, తెరచాప పోటీలు, జలాశయం ఒడ్డు బసలు. నీరు ఖర్చు కాదు, మట్టం నిలవాలి. మట్టం పడిపోతే రేవులు నీటికి దూరమవుతాయి, మునిగి ఉన్న రాళ్లు, మోళ్లు పైకి తేలి ప్రయాణం ప్రమాదకరమవుతుంది.

నదీ ప్రవాహ క్రీడలు: తెప్పలపై వేగప్రవాహాల్లో సాగే ప్రయాణానికి కొన్ని వారాలపాటు నిర్దిష్ట ప్రవాహం ఉండాలి.

అలంకార, వేడుక వినియోగం: ఫౌంటెన్లు, కృత్రిమ జలపాతాలు, హోలీకి హోటళ్లు పెట్టే రెయిన్ డాన్సులు. పరిమాణం తక్కువే అయినా కరువులో అందరి కంటా పడేవి ఇవే. నిషేధం మొదట వీటి మీదే పడుతుంది.

పోటీ ఎలా ఏర్పడుతుంది

మట్టం: రైతు జలాశయాన్ని వాడుకోవలసిన నిల్వగా చూస్తాడు, పడవ యజమాని నిలబెట్టవలసిన మట్టంగా చూస్తాడు. పైరు పొట్టమీద ఉన్నప్పుడు తూము ఎత్తితే పైరు గట్టెక్కుతుంది, మట్టం దిగుతుంది. కరువు ఏడాదిలో ఈ రెండూ ఒకే నెలలో ఎదురవుతాయి.

సమయం: ఎండాకాలం సెలవుల్లో విహారానికి గిరాకీ ఎక్కువ. యాసంగి లేదా దాళ్వా వరికి చివరి తడులు, పండ్ల తోటలకు ప్రాణాధార తడులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే పడతాయి.

స్థలం: నదిలో ఎగువన ఉన్నవారి నిర్ణయం దిగువవారి మీద పడుతుంది. కాలువ మీద అయితే తలభాగం రైతుకు నీరంది, చివరి భూములకు అందదు. వినోద స్థలం ఏ భాగంలో ఉందన్నదాన్ని బట్టి పోటీ పెరుగుతుంది, తగ్గుతుంది.

నాణ్యత: శుద్ధి చేసిన మురుగునీటిని మైదానానికి వాడితే మంచినీరు మిగులుతుంది. అయితే ఆ మురుగునీటి మీదే దిగువ రైతులు ఆధారపడి ఉన్నచోట పోటీ పోదు, కొత్త చోటికి మారుతుంది. హైదరాబాద్ దిగువన మూసీ వెంట సాగు ఇందుకు ఉదాహరణ.

నష్టం తీరు: కరువులో మూతబడిన కొలనును వానలు పడ్డాక నింపుకోవచ్చు. ఒక తడి తప్పిన వరికి గింజ పట్టదు. ఎండిన పండ్ల తోటను మళ్లీ కాపుకు తేవడానికి ఏళ్లు పడుతుంది. నల్లగొండ, అనంతపురం ప్రాంతాల్లో తీవ్ర కరువుల్లో బత్తాయి రైతులు ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్లను నిలబెట్టుకోవలసి వచ్చింది.

చట్టాలు, ప్రాధాన్య క్రమం

భారతదేశంలో నీరు ప్రధానంగా రాష్ట్రాల అంశం. 1987 జాతీయ జలవిధానం తాగునీటికి మొదటి స్థానం, సాగునీటికి రెండో స్థానం ఇచ్చింది. తరవాత జలవిద్యుత్తు, నౌకాయానం, పరిశ్రమలు, ఇతర అవసరాలు వచ్చాయి. 2002 విధానం జలవిద్యుత్తు తరవాత పర్యావరణాన్ని చేర్చింది. ఈ రెండింటిలోనూ వినోదానికి విడిగా స్థానం లేదు. అది చివరనున్న ఇతర అవసరాల్లో భాగం. 2012 విధానం తాగునీరు, పారిశుద్ధ్యాన్ని అన్నింటికంటే ముందు ఉంచింది. పశువులతో సహా ఇతర గృహావసరాలు, ఆహారభద్రత, జీవనాధార వ్యవసాయం, కనీస పర్యావరణ అవసరాలు ఆ తరవాత వస్తాయి. వీటిని మించిన నీటిని ఆర్థిక విలువ గల వస్తువుగా చూడాలని అది పేర్కొంది. జలవిధానం మార్గదర్శకమే గాని చట్టం కాదు కనుక అమలు రాష్ట్రాల చట్టాలు, కలెక్టర్ల ఉత్తర్వుల మీద ఆధారపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం సాగునీటి నిర్వహణలో నీటి వినియోగదారుల సంఘాలకు పాత్ర ఇచ్చింది. 2002 నాటి వాల్టా చట్టం భూగర్భజల వాడకాన్ని నియంత్రించే అధికారాలు కల్పించింది.

ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త అనే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లో ఎం.సి.మెహతా–కమల్‌నాథ్ కేసు తీర్పులో భారత చట్టంలోకి తెచ్చింది. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక విహార హోటల్ కోసం నదీ గమనాన్ని మళ్లించిన కేసు అది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1983లో మోనో సరస్సు కేసులో ఇదే సూత్రాన్ని వేరే దిశలో వాడింది. సరస్సు పర్యావరణ, వినోద విలువలను కూడా నీటి హక్కులతో పాటు తూచి చూడాలని ఆ తీర్పు చెప్పింది. ధర్మకర్తృత్వ సూత్రం ఒక సందర్భంలో విహార వ్యాపారాన్ని అడ్డుకోగా, మరో సందర్భంలో ప్రజల విహార హక్కుకు అండగా నిలిచింది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ముందు వాడుకున్నవారికి ముందు హక్కు అనే నియమం నడుస్తుంది. కరువులో కొత్త హక్కుదారులకు ముందుగా కోత పడుతుంది. అక్కడి సాగు హక్కులు చాలావరకు పాతవి కనుక నగరాలూ వినోద సంస్థలూ వాటి వెనక నిలుస్తాయి. 2001లో కొలరాడో రాష్ట్రం నదీ క్రీడల కోసం ప్రవాహంలోనే నీటిని ఉంచే హక్కును స్థానిక సంస్థలు పొందేందుకు చట్టం చేసింది. అలా వినోదం కూడా హక్కుల వరసలో చేరింది, అయితే చివరి వరసలో.

ముఖ్య ఉదంతాలు

మహారాష్ట్ర, 2016: మరఠ్వాడా ప్రాంతం వరస కరువులతో ఉండగా ఐపీఎల్ తొమ్మిదో సీజన్ మొదలైంది. మైదానాల తడికి సుమారు 60 లక్షల లీటర్లు ఖర్చవుతాయంటూ లోక్‌సత్తా మూవ్‌మెంట్ అనే సంస్థ బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఏప్రిల్ 12న మిరజ్ నుంచి సుమారు 5 లక్షల లీటర్ల తాగునీటితో తొలి రైలు మరఠ్వాడాలోని లాతూరు పట్టణానికి చేరింది. మరుసటి రోజు, ఏప్రిల్ 30 తరవాతి మ్యాచ్‌లను రాష్ట్రం బయటికి తరలించాలని కోర్టు ఆదేశించింది. శుద్ధి చేసిన మురుగునీరు వాడతామని నిర్వాహకులు ముందుకొచ్చినా ఆదేశం మారలేదు. పుణేలో మే 1 నాటి మ్యాచ్‌కు మాత్రం మినహాయింపు దొరికింది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ముంబయి, పుణే జట్ల మ్యాచ్‌లు ఆరు విశాఖపట్నంలో జరిగాయి. ఫైనల్ ముంబయి నుంచి బెంగళూరుకు మారింది. ఆ ఏడాది కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కూడా కరువు ప్రకటించిన రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

ఈ కేసులోని 60 లక్షల లీటర్లను రెండు విధాలుగా లెక్కించవచ్చు. వరి పొలంలో అవి ఎకరం పాతికకు మించి పారవు. లాతూరు స్టేషన్లో అవే తొలి రైలు మోసిన నీటికి 12 రెట్లు. ఆ రోజుల్లోనే మహారాష్ట్ర నీటి చర్చ చెరకు వైపు కూడా మళ్లింది. సాగు విస్తీర్ణంలో సుమారు 4 శాతం ఉన్న ఆ పంట, సాగునీటిలో దాదాపు 70 శాతం తీసుకుంటోందని వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పేర్కొంది.

బెంగళూరు, 2024: బోర్లు ఎండి, కావేరి నీరు చాలక నగరం ఇబ్బంది పడిన మార్చిలో జలమండలి తాగునీటిని ఈత కొలనులకు, తోటలకు, ఫౌంటెన్లకు, కార్లు కడగడానికి వాడరాదని, మీరితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. హోలీ రెయిన్ డాన్సులకు కావేరి, బోరు నీటిని నిషేధించింది. క్రికెట్ స్టేడియానికి శుద్ధి చేసిన నీటిని ఇచ్చింది. 2016లో ఆట వేదిక మారింది. ఇక్కడ నీటి వనరు మారింది.

కేప్‌టౌన్, 2018: దక్షిణాఫ్రికాలోని ఈ నగరంలో ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి విధించారు. నగరపాలక నీటితో ఈత కొలనులు నింపడం అప్పటికే నిషిద్ధం. ప్రాంతంలోని సాగునీటి కేటాయింపులో 60 శాతం కోత పెట్టారు. గ్రోన్‌ల్యాండ్ ప్రాంత రైతుల నీటి సంఘం తమ జలాశయాల నుంచి 1,000 కోట్ల లీటర్లను నగరానికి వదిలింది. నీరు సాగు నుంచి నగరానికి పారిన అరుదైన స్వచ్ఛంద సందర్భం ఇది.

ఫ్రాన్స్, 2022: తీవ్ర కరువులో తోటలు తడపడం, కార్లు కడగడం నిషేధించిన చోట్ల కూడా గోల్ఫ్ మైదానాల్లోని గ్రీన్‌లను, అంటే గుంటల చుట్టూ ఉండే పొట్టి పచ్చికను, రాత్రివేళ పరిమితంగా తడపడానికి అనుమతి ఉండేది. దానికి నిరసనగా టూలూజ్ ప్రాంతంలో పర్యావరణ కార్యకర్తలు గోల్ఫ్ గుంటలను సిమెంటుతో పూడ్చారు. గ్రీన్‌లు చచ్చిపోతే మైదానమే మూతపడుతుందని, ఉద్యోగాలు పోతాయని నిర్వాహకుల సమాఖ్య వాదించింది.

కాటలోనియా, 2024: స్పెయిన్‌లోని ఈ ప్రాంతంలో జలాశయాలు 16 శాతం కంటే దిగువకు పడిపోవడంతో ఫిబ్రవరి 1న బార్సిలోనా సహా అనేక పట్టణాలకు అత్యవసర స్థితి ప్రకటించారు. సాగునీటికి 80 శాతం, పరిశ్రమలకు 25 శాతం కోత నిర్ణయించారు. ఈత కొలనులపైనా కఠిన ఆంక్షలు వచ్చాయి.

కొలరాడో నది, 2021–22: ఏడు అమెరికా రాష్ట్రాలు 1922 ఒప్పందం కింద పంచుకునే ఈ నదిలో వాడకమయ్యే నీటిలో 70–80 శాతం వ్యవసాయానిదే. 2021 ఆగస్టులో సమాఖ్య ప్రభుత్వం తొలిసారి నీటి కొరతను ప్రకటించింది. 2022 జులైలో మీడ్ జలాశయం సుమారు 1,040 అడుగులకు పడింది. 1930లలో నిండడం మొదలైనప్పటి నుంచి అది అత్యల్పం. పడవల రేవులు చాలావరకు మూతపడ్డాయి. దిగువన కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ రైతుల హక్కులు పాతవి కావడంతో వారి నీరు వరసలో ముందే ఉంది. లాస్‌వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రం 2021లో, అలంకారానికి తప్ప ఎందుకూ వాడని పచ్చికకు 2026 తరవాత నది నీటిని వాడరాదని చట్టం చేసింది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

తెలుగు రాష్ట్రాల్లో విహార స్థలాలైన జలాశయాలు ఎక్కువగా సాగునీటి ప్రాజెక్టులే. అందువల్ల ఇక్కడ పోటీ మట్టం గురించి, నీటి విడుదల తేదీల గురించి ఉంటుంది.

నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. జలాశయం మధ్యనున్న నాగార్జునకొండకు లాంచీలోనే వెళ్లాలి. సాగర్–శ్రీశైలం లాంచీ ప్రయాణం తగినంత మట్టం ఉన్నప్పుడే నడుస్తుంది. కుడి, ఎడమ కాలువల ఆయకట్టు, హైదరాబాద్ తాగునీరు, విద్యుత్తు అన్నీ ఈ నిల్వ మీదే ఆధారపడ్డాయి. కృష్ణలో వరద సరిగా రాని 2023–24లో నిల్వను ప్రధానంగా తాగునీటికి కేటాయించారు. అలాంటి ఏడాదిలో సాగుకూ విహారానికీ రెండింటికీ కోత పడుతుంది. వాటి మధ్య పోటీ కంటే తాగునీటితో రెండింటికీ ఉన్న పోటీ ముందుకొస్తుంది.

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరు నిలిపేది డెల్టా కాలువల తలమట్టం కోసం. ఆ మట్టం వల్లే భవానీ ద్వీపానికి పడవలు తిరుగుతాయి. రెండు వినియోగాలు ఒకదానికొకటి తోడయ్యే సందర్భానికి ఇది ఉదాహరణ.

తెలంగాణలో కాకతీయుల నాటి లక్నవరం, పాకాల చెరువుల కింద నేటికీ వరి సాగవుతోంది. లక్నవరంలో వేలాడే వంతెన, పడవలు, బసలు వచ్చాయి. చెరువుల పునరుద్ధరణ పథకమైన మిషన్ కాకతీయ కాలంలో నియోజకవర్గానికో చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చే పని చేపట్టారు. చెరువు కట్ట మీద నడకదారి, దిగువన ఆయకట్టు ఉన్నచోట మూడు పక్షాలు ఉంటాయి. ఆయకట్టు రైతులకు తూము ఎత్తాలి; మత్స్య సొసైటీకి చేపలు ఎదిగేదాకా నీరుండాలి; పడవలకు మట్టం నిలవాలి. సంప్రదాయంలో ఈ పంపకం తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేతిలో ఉండేది. చెరువు సగమే నిండిన ఏడాది ఆయకట్టులో ఒక భాగానికే నీరిచ్చి మిగతాది బీడు ఉంచడం, వరి బదులు ఆరుతడి పంటలు వేయడం పాత సర్దుబాట్లు. ఆ పద్ధతిలో వినోదం అనే వాటా లేదు. నీరున్నన్నాళ్లు ఈత ఉండేది.

వాదనలు

సాగు పక్షం: ఆహారం, పశుగ్రాసం, కూలిపని నీటి మీద ఆధారపడ్డాయి. కరువులో ఒక పంట పోతే అప్పు, వలస వెంట వస్తాయి. డబ్బు చెల్లించగలిగినవారికి నీరు దొరికి, పొలానికి దొరకకపోతే కరువు నియమాలపై జనానికి నమ్మకం పోతుంది.

వినోద పక్షం: వాడే నీరు మొత్తంలో స్వల్పం. లీటరు నీటికి వచ్చే ఆదాయం, ఉపాధి సాగు కంటే తరచు ఎక్కువ. పడవ నడిపేవారు, చిరుతిళ్లు అమ్మేవారు, మైదానం కూలీలు కూడా కరువు ప్రాంతపు పేదలే. కొలను ఆపితే మిగిలే నీరు పైపుల అనుసంధానం లేకపోతే పొలానికి చేరదు. ఎక్కువ నీరు తాగే పంటలను వదిలి చిన్న వాడకందారులను పట్టుకోవడం సరికాదు.

పర్యావరణ పక్షం: నదిలో, చెరువులో కనీస నీరు చేపలకు, పక్షులకు, భూగర్భజలానికి అవసరం. ఈ కోణంలో పడవ విహారం కోరే మట్టం కొన్నిసార్లు పర్యావరణానికి మేలు చేస్తుంది, గోల్ఫ్ తడి చేయదు.

లీటరుకు ఆదాయం అనే కొలతపై ఆర్థికవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. పంట నష్టంలో విత్తనం, పశువులు, వచ్చే ఏడాది పెట్టుబడి కూడా కలిసి ఉంటాయని, ఆ లెక్క వాటిని పట్టుకోలేదని ఒక విమర్శ. సాగునీటికి వాస్తవ ధర లేకపోవడమే వృథాకు మూలమని మరో విమర్శ.

సర్దుబాటు పద్ధతులు

దశలవారీ ఆంక్షలు: జలాశయ నిల్వ శాతాన్ని బట్టి ముందే ప్రకటించిన మెట్ల ప్రకారం కోతలు పెరుగుతాయి. కాటలోనియా విధానం ఇలాంటిది. ఎవరికి ఎప్పుడు ఆగుతుందో ముందే తెలియడం దీని బలం.

శుద్ధి చేసిన మురుగునీరు: మైదానాలకు, ఉద్యానాలకు ప్రధాన ప్రత్యామ్నాయం. శుద్ధి కేంద్రం నుంచి విడి పైపులైన్లు కావాలి.

సమయ సమన్వయం: కొలరాడో రాష్ట్రంలో ఆర్కాన్సా నదిపై 1990ల మొదటి నుంచి ఒక స్వచ్ఛంద ఏర్పాటు నడుస్తోంది. దిగువ జలాశయానికి ఎలాగూ పంపాల్సిన నీటిని జులై 1 నుంచి ఆగస్టు 15 వరకు తెప్ప ప్రయాణాలకు వీలుగా 700 క్యూసెక్కుల లక్ష్యంతో వదులుతారు. అదే నీరు ఆ తరవాత దిగువ అవసరాలకు చేరుతుంది. తీవ్ర కరువు ఏడాదిలో ఈ లక్ష్యాన్ని తగ్గించుకుంటారు.

పరిహారంతో బదిలీ: రైతు ఒక పంటకాలం భూమిని బీడు ఉంచి నీటిని నగరానికి ఇచ్చి పరిహారం పొందుతాడు. భూమి లేని కూలీలకు ఆ పరిహారం అందదన్నది దీనిపై ప్రధాన అభ్యంతరం.

వాడకం తగ్గింపు: కొలనులపై కప్పులు, తక్కువ నీటితో బతికే గడ్డి రకాలు, పచ్చిక విస్తీర్ణం కుదింపు వినోద పక్షంలో, బిందుసేద్యం, ఆరుతడి పంటలు, వంతులవారీ నీటి సరఫరా సాగు పక్షంలో.

తేలే రేవులు: మట్టంతో పాటు దిగే రేవులు ఉంటే జలాశయంలో తక్కువ నీటితోనూ పడవలు నడుస్తాయి, తూము ఎత్తడానికి అభ్యంతరం తగ్గుతుంది.

ప్రాముఖ్యం

వినోద వినియోగంపై ఆంక్షలు ఒక్కటే సాగునీటి లోటును తీర్చలేవని పై పరిమాణాలు చూపుతాయి. వాటి ప్రయోజనం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, లాతూరు వంటి పట్టణాల్లో రోజువారీ సరఫరాతో పోల్చినప్పుడు ఆ నీరు చెప్పుకోదగినది. రెండోది, కోతలు అందరికీ వర్తిస్తున్నాయని తెలిస్తే రైతులూ పట్టణవాసులూ నియమాలు పాటించడం సులభమవుతుంది. వ్యయరహిత వినోదం విషయంలో పరిష్కారం నిషేధంలో కంటే విడుదల తేదీల్లో, మట్టాల ఒప్పందంలో ఉంటుంది. నీటి కేటాయింపు పత్రాల్లో వినోదానికి విడిగా లెక్క లేని చోట, కరువు వచ్చాక ప్రతి వివాదాన్నీ కోర్టో కలెక్టరో అప్పటికప్పుడు తేల్చవలసి వస్తుంది. అందుకే పర్యాటక స్థలంగా తీర్చిదిద్దుతున్న ప్రతి సాగు జలాశయానికీ కరువు ఏడాది కనీస మట్టాన్ని, తూము ఎత్తే వరసను ముందుగానే నిర్ణయించడం జలనిర్వహణలో ఒక అవసరంగా గుర్తింపు పొందుతోంది.

ఇవీ చూడండి: అంతర్రాష్ట్ర జలవివాదాలు, ఆయకట్టు, ఆరుతడి పంటలు, కరువు, కాకతీయుల చెరువులు, జాతీయ జలవిధానం, నాగార్జునసాగర్, నీటి వినియోగదారుల సంఘాలు, ప్రకాశం బ్యారేజీ, భూగర్భజలం, మురుగునీటి శుద్ధి, వాల్టా చట్టం, హుస్సేన్ సాగర్.